ఊరి బోర్డు

పదేళ్లకోసారి ఈ పని నాకే పడుతుంది.
పాత అంకె రేకు ఊడదీసి కొత్తది బిగించాలి.
నాలుగు బోల్టులు, ఒక నిచ్చెన,
ఒంటిమీద పసుపుపచ్చ చొక్కా.
హైవే మీద లారీ పోయినప్పుడల్లా
గాలి నా టోపీ అడుగుతుంది.

వెల్డన్ క్రాసింగ్. జనాభా 31,206.

కిందటిసారి కన్నా నాలుగు వందల పన్నెండు ఎక్కువ.
కౌన్సిల్లో ఈ అంకె చదివినప్పుడు
అందరూ చప్పట్లు కొట్టారు,
అక్కడున్నవాళ్లే నొప్పులు పడి కన్నట్టు.

నిజానికి మావాళ్లు కనడం ఎప్పుడో తగ్గించారు.
మా వీధిలో పన్నెండిళ్లు, తొమ్మిదింట్లో ఒంటిమనుషులు.
ఆర్డిస్ కూపల్ మంచు తుడిచే పారకి
తొంభై ఒకటో ఏట కొత్త పిడి వేయించుకుంది.
ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మూసేసిన ఏడు
మా క్లాసులో సగంమంది డెన్వర్ దారి పట్టారు.
తగ్గుతున్న ఊరిని నిలబెట్టింది పందుల ఫ్యాక్టరీ.

మధ్యాహ్నం రెండున్నరకి దాని గేటు దగ్గర నిలబడి చూడండి.
రబ్బరు బూట్లు మెడకి వేలాడేసుకుని
ఎహ్ డో వస్తాడు, వెనకే తమ్ముడు.
వాళ్ల కొండల పేరు నాకింకా నోరు తిరగదు.
ఎముకలు విడదీసే చోట రోసలినా జోర్బన్,
సముద్రం మధ్య చిన్న దీవిలో పుట్టిన మనిషి,
సముద్రానికి వెయ్యి మైళ్ల దూరంలో
సున్నా డిగ్రీల గదిలో నిలబడుతుంది.
ఎనిమిది గంటలు కత్తి పట్టిన చెయ్యి
ఇంటికెళ్లాక కూడా విచ్చుకోదు.
అన్నం గిన్నె ఎడమచేత్తో పట్టుకుంటుంది.

లెక్కలవాళ్లు పగలు వెళ్లి తలుపు కొడితే
రాత్రి షిఫ్టు నిద్రలో ఉంటుంది.
సాయంత్రం వెళితే పగటి షిఫ్టు భయపడుతుంది.
యులాలియా త్సోక్‌కి కాగితం మీద
స్పానిష్ అని గడి పెట్టారట.
వాళ్లమ్మకి ఆ భాష ఒక్క ముక్క రాదు,
కొండభాషలోనే తిడుతుంది, దీవిస్తుంది.
ఆ గడి లేదు కాగితంలో. "ఇతరములు" ఉంది.
లెక్కపెట్టడం వేరు, లెక్కచెయ్యడం వేరు.

లవోన్ ఆ కాగితం తనే నింపింది,
నీలం సిరాతో, వంటగది బల్ల దగ్గర.
ఒకటో మనిషి: తను. రెండో మనిషి: నేను.
"అద్దె ఎవరు కడుతున్నారో వాళ్లే ఒకటి" అంది.
మాకు అద్దె లేదు, సొంతిల్లే.
ఇరవై ఏడేళ్లు బడి వంటశాలలో
ఊరందరి పిల్లలకీ వడ్డించిన మనిషి,
ఎవరు ఎన్నో అన్నది తనే తేల్చేది.

ఏప్రిల్ ఒకటో తారీఖున ఊళ్లో ఉన్నవాళ్లే లెక్క.
లవోన్ పంతొమ్మిదిన పోయింది.

ఎస్పెరాన్స్ ముయాంబా కొడుకు
రెండో తారీఖు తెల్లవారుజామున పుట్టాడు.
వాడు ఈ అంకెలో లేడు.
మొన్న కిరాణా కొట్లో చూశాను,
బండిలోంచి ఉల్లిపాయలు ఒక్కొక్కటే నేలకేస్తున్నాడు.

"ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ, సరిపోయిందిగా"
అన్నాడు మా సూపర్‌వైజరు.

సరిపోలేదు.

అంకె రావడానికి ఏడాది పైన,
రేకు చేయించడానికి మరో ఎనిమిది నెలలు.
ఈలోగా ఎంతమంది వచ్చారో, వెళ్లారో,
ఎవరి సోఫాలు రోడ్డు పక్కన వానకి తడిశాయో.
ఆరో అంకె దగ్గర బొటనవేలు పెట్టి
మంచు తుడిచాను.
ఇందులో తను ఎక్కడుంటుందని వెతకడం
ఈ వయసులో పిచ్చిపనే.
వెతికాను.

రెండో షిఫ్టు కార్లు పోతున్నాయి.
ఎవరో హారన్ కొట్టారు, చెయ్యూపాను.
ఎవరో తెలీదు.

మూడు బోల్టులు గట్టిగా బిగించాను.
నాలుగోది కాస్త వదులుగానే వదిలాను.
గాలి వేసినప్పుడు
కొంచెం చప్పుడు చేస్తుంది.